మనది కాని సొమ్ము
(కైవారంలో స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు మన చింతామణి మార్కెట్లో టీ అంగడిలో కూడా ఫోన్‌తోనే దుడ్డు ఇస్తున్నాం. సౌకర్యంతో పాటు మోసమూ వచ్చింది.

ఒకరోజు ఫోన్ వస్తుంది. "అన్నా, అమ్మ ఆసుపత్రిలో ఉంది. పొరపాటున మీకు అయిదు వేలు పంపేశాను. ఈ నంబరుకు తిరిగి వేయండి" అని ఏడుస్తారు. మనసు కరిగి వెంటనే పంపేస్తాం. అక్కడే మోసపోతాం.

మెసేజ్‌ను నమ్మకండి, దాన్ని ఎవరైనా రాసి పంపవచ్చు. ముందు ఖాతాలో నిల్వ చూడండి. దుడ్డు రాకపోతే మాట అక్కడితో సరి.

నిజంగా వచ్చి ఉంటే ఖర్చు చేయకండి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 72వ సెక్షను ప్రకారం, పొరపాటున అందిన సొమ్ము తిరిగి ఇవ్వాల్సిందే. అయితే వాళ్ళు చెప్పిన నంబరుకు మీరే పంపవద్దు. అది ఇంకొకరి దగ్గర దోచిన సొమ్ము కావచ్చు. విచారణలో మీ ఖాతాను నిలిపివేస్తే, మీ స్కాలర్‌షిప్పూ అందులోనే చిక్కుకుంటుంది. "మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి, బ్యాంకు ద్వారానే తిరిగి వస్తుంది" అని చెప్పండి. మీరు కూడా అదే రోజు మీ బ్యాంకుకు అర్జీ రాసి ఇచ్చి, రశీదు తీసుకోండి.

దుడ్డు రావడానికి పిన్ అక్కరలేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. పిల్లలారా, ఇంట్లో దాచకండి. తల్లిదండ్రులారా, గద్దించకండి. మొదటి గంట చాలా విలువైనది.