తుపాను పని వేసవిలోనే మొదలుపెట్టాలి
(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. ఈ రోజు తుపాను కబురు రోజుల ముందే మన ఫోనుకు వస్తోంది. మనుషుల్ని కాపాడుకుంటున్నాం. మరి పంట ఎందుకు దక్కడం లేదు?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి మా ఊళ్లో సగం వరి కోసి పనల మీద ఉంది. కబురు ముందే అందింది. కానీ కుప్ప వేయడానికి మనుషులు దొరకలేదు, కప్పడానికి బరకాలు దొరకలేదు. వాన వెలిసినా నీళ్లు చేలోంచి కదల్లేదు. మురుగు కాల్వ నిండా గుర్రపుడెక్కే. పనలు మొలకెత్తాయి. మనల్ని వాన ఒక్కటే ముంచలేదు, పూడిన కాల్వ కూడా ముంచింది.

అందుకే ఊరూరా నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, వేసవిలో కాల్వలు కట్టేసినప్పుడే మురుగు కాల్వల పూడిక తీయించాలి. అర్జీ ఇచ్చి ఊరుకోకుండా పని అయ్యేదాకా వెంటపడాలి. చేల పక్క బోదెలు మనమే బాగుచేసుకోవాలి.

రెండు, తలా కొంత వేసుకుని అక్టోబరు కల్లా ఊరికి ఉమ్మడిగా బరకాలు కొనాలి. తుపాను కబురు వస్తే కోత ఆపాలి. కోసింది ఉంటే పది ఇళ్ల వాళ్లం కలిసి కుప్ప వేయాలి.

మూడు, వరి పడిపోతే ముందు నీరు తీసేయాలి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా పిచికారీ చేస్తే మొలకను అదుపు చేయవచ్చు. బీమా కట్టినవాళ్లు 72 గంటల్లోపు నష్టం తెలపాలి. 33 శాతం, ఆపైన నష్టం రాస్తేనే ఇన్‌పుట్ సబ్సిడీ వస్తుంది. కాబట్టి అంచనాకు వచ్చిన రోజు మనం చేను గట్టు మీద ఉండాలి.

నాలుగోది మనల్ని మనం అడగాల్సిన మాట. ఆ తుపానులో మా ఊరి కౌలు రైతు ఒకాయన నాలుగెకరాలు పోగొట్టుకున్నాడు. ఈ-క్రాప్‌లో పేరు భూమి యజమానిది. పరిహారం యజమాని ఖాతాలో పడింది, అప్పు కౌలు రైతు మెడకు చుట్టుకుంది. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే యజమాని సంతకం ఉండాలి. భూమి పోతుందన్న భయంతో సంతకం పెట్టరు. ఆ కార్డు పంటకే గాని భూమికి హక్కు ఇవ్వదు.

యజమాని సంతకంతో పని లేకుండా సాగు చేసేవాడి పేరే ఎక్కించాలని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. అయితే మన సంఘంలోనూ కౌలుకిచ్చిన వాళ్లం ఉన్నాం. మనం పెట్టని సంతకం కోసం ఇంకొకరిని ఏ మొహంతో అడుగుతాం? ఈ సార్వా నాట్లు పూర్తయ్యేలోపు ముందు మనం సంతకాలు పెడదాం. అప్పుడు మన డిమాండుకు బలం వస్తుంది.