బ్రేకు ముందే చెబుతుంది, వినాలి



నిరుడు వరి కోతలప్పుడు మా ధాన్యం ట్రాలీ చెరువు కట్ట దిగుడులో ఆగలేదు. బ్రేకు తొక్కితే పెడల్ అడుగుదాకా పోయింది. బండి గేరులో ఉండబట్టి, పక్కనున్న గడ్డివాముకు తగిలి నిలిచింది. బస్తాల మీద కూర్చున్న కూలీలు బతికిపోయారు. పది రోజులుగా పెడల్ మెత్తబడుతున్నా "కోతలయ్యాక చూద్దాంలే" అనుకున్నాం. తప్పు మాదే.

పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు కొడితే గట్టిపడుతుంటే చాలాసార్లు పైపుల్లో గాలి చేరినట్టే. ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, ఇంకొకరు నిపుల్ వదులుచేసి బుడగలు పోనిచ్చి, పెడల్ వదలకముందే బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చెయ్యాలి, డబ్బాలో ఆయిల్ తగ్గనివ్వకూడదు. తొక్కిపట్టినా పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయినట్టు, లేదా ఎక్కడో లీకు. ఆయిల్ పోసి ఊరుకోవద్దు, కారే చోటు వెతకాలి.

ఆయిల్ ఏది పడితే అది పోయొద్దు. కొన్ని బండ్లకు బ్రేక్ ఫ్లూయిడ్, కొన్నింటికి మినరల్ ఆయిల్. మారిస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి. బండితో వచ్చిన పుస్తకం చూడండి.

రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లూ కలిపి లాక్ వెయ్యండి. వేగంలో ఒక్కటే తొక్కితే బండి బోల్తా కొడుతుంది. దిగుడులో న్యూట్రల్ చెయ్యొద్దు.

ఇక ట్రాలీల సంగతి. మన ఊళ్లలో చాలావాటికి బ్రేకులే లేవు. బరువంతా వెనకనుంచి ట్రాక్టరును తోస్తుంది. బ్రేకు లేని ట్రాలీ అమ్మకూడదని సంఘంగా గట్టిగా అడుగుదాం. అడుగుతూనే, ఈ వారం మన బండి పెడల్ మనం తొక్కి చూసుకుందాం. మనుషుల్ని బస్తాల మీద ఎక్కించడం మానేద్దాం.