నేలకు ఊపిరి, మాలికి మాట
(ఢిల్లీలో ఉద్యానవన, క్రీడామైదాన కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



గోల్ఫ్ మైదానముతో రైల్వే, తపాలా ఉద్యోగులకేమి పని యని కొందరడుగవచ్చును. మన గ్యాంగ్‌మన్ సోదరుడు ఎరుగును: కంకరలో బురద చేరినచో నీరు దిగదు, పట్టా కుంగును, కంకరను తీసి జల్లెడ పట్టవలెను. లాడో సరాయ్‌లోని కుతుబ్ గోల్ఫ్ కోర్సు వంటి మైదానములలో గుంట చుట్టును ఉండు 'గ్రీన్' సంగతియు ఇట్టిదే. ఆటగాండ్ర అడుగులకు, కోత యంత్రముల బరువుకు నేల బిగిసి వేళ్ళకు గాలి అందదు.

ఇందుకు పద్ధతులు రెండు. బోలు ములుకుల యంత్రము మట్టిని బయటికి తీయును. రంధ్రములను ఇసుకతో నింపవలెను. గట్టి ములుకులు పొడుచునే గాని మట్టిని తీయవు. ఆటకు అంతరాయము స్వల్పము. కాని ఎల్లప్పుడు ఒకే లోతున పొడిచినచో అడుగున గట్టి పొర ఏర్పడును. బెర్ముడా గడ్డి ఢిల్లీ చలికాలమున నిద్రించును, గాయము మానదు. కావున ఎదుగు కాలమైన వేసవిలోనే ఈ పని జరుగవలెను.

ముందుగా మట్టిని కోసి, బిగువు ఎంత లోతున నున్నదో చూడవలెను. పిదపనే యంత్రమును ఎన్నుకొనవలెను. దినదినము ఆ నేలను త్రొక్కు మాలికి తెలిసినది ధరల పట్టికకు తెలియదు. కొనుగోలు సంఘమున అతనికి స్థానముండవలెను. ములుకులు మార్చునపుడు ఇంజను ఆపు నియమము, శిక్షణ ఉండవలెను. యంత్రము వచ్చినదని ఒక్కని పనియు పోరాదు.

నేలకు గాలి ఎట్లో, కార్మికునికి మాట అట్లు. ఈ కోర్కెకు మీ అందరి మద్దతును అర్థించుచున్నాను.