ప్రాణము తప్పిన యంత్రము, చెడని వ్రాత



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలోని పెద్దలకు నేఁడు నేను విన్నవింపఁదలచినది ల్యాప్‌టాపును గుఱించిన సంగతి. ఇది పిల్లల విషయము, మనకేల యని త్రోసివేయరాదు. మన యిండ్ల పెండ్లి ఛాయాచిత్రములు, పొలముల దస్తావేజుల ప్రతులు, సంఘముల జమాఖర్చులు, నేఁతవారి చిత్తరువులు నేఁడు పెక్కుచోట్ల నీ పెట్టెలోనే యున్నవి. ఒకనాఁటి యుదయమున మీట నొక్కినను తెర వెలుఁగదు. సర్వము పోయెనని యింటివారు చింతింతురు. అట్టి సమయమున నేమి చేయవలయును? ఏమి చేయరాదు? ఇదియే నా ప్రసంగవిషయము.

మొదట తెలియవలసిన దొక్కటి. యంత్రము వేఱు, అందలి వ్రాత వేఱు. దీపమాఱిన యింటిలో భోషాణమునందలి గ్రంథము చదువరాకుండును గాని నశింపదు. ల్యాప్‌టాపులో విద్యుత్తు నందించు భాగము చెడవచ్చును, తెర చెడవచ్చును, పనులనెల్ల నడపు మూలవ్యవస్థ చెదరవచ్చును. వీనిలో నేది చెడినను, వ్రాత నిలుచు డిస్కు చెక్కుచెదరక యుండవచ్చును.

ధర్మవరమువారి కిది సులభముగా బోధపడును. జకార్డు మగ్గముపై నట్టల దండ వ్రేలాడుచుండును. అట్టలో రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును; లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశస్థుఁడగు జకార్డు 1804 ప్రాంతమున నీ పద్ధతిని నెలకొల్పెను. అమెరికాలో హోలరిత్తు అను నాతఁడు 1890 జనగణనకు రంధ్రముల యట్టలనే వాడెను. కంప్యూటరులోని వ్రాతయు ‘ఉన్నది, లేదు’ అను రెండు గుఱుతులతోడనే నడచును. మగ్గము విఱిగినను, అట్టలు మిగిలినచో నా యంచునే మరల నేయవచ్చును గదా! డిస్కు అట్టి యట్టల దండ.

నాయొద్ద చదువుకొన్న ధర్మవరపు నేఁతగాఁడొకఁడు తన తండ్రి గళ్ల కాగితముపై వ్రాసిన కొంగు చిత్తరువులను ల్యాప్‌టాపున నెక్కించుకొని యుండెను. తండ్రి గతించెను, కాగితములు వానకు నాని చెడెను. పెండ్లిండ్ల దినములు సమీపింపఁగా యంత్రము లేవదాయెను. అంగడివాఁడొకఁడు “అంతయు తుడిచి క్రొత్తగా నెక్కించి యిచ్చెద” ననెను. ఆ మాట యంత్రమును బ్రదికించునదే; కాని వ్రాతను తుడుచునది. “నాయనా, నీకు కావలసినది పెట్టెయా, తండ్రి వ్రాతయా?” యని నేనడిగితిని. అతఁడు పెట్టెను వెనుకకు దెచ్చుకొనెను. పిమ్మట నీ విద్య నేర్చిన నా మనుమఁడు హిందూపురమునుండి వచ్చి క్రమముగా పరీక్షించెను. ఆ క్రమమునే మీకును జెప్పుచున్నాను.

మొదట వేఱొక ఛార్జరు పెట్టి చూడవలయును. తరువాత ఛార్జరు తీసి, మీటను అరనిమిషము నొక్కిపట్టి, మరల ఛార్జరు పెట్టి యత్నింపవలయును. లోపల పంకా తిరుగు చప్పుడు వినవచ్చుచు తెర నల్లగా నున్నచో, తీగతో టెలివిజనుకు కలిపి చూడవలయును; అందు బొమ్మ వచ్చిన దోషము తెరదే. యంత్రము లేచియు మూలవ్యవస్థయొద్ద నిలిచిపోయినచో, లైనక్సు అను వ్యవస్థను వేఱొక కంప్యూటరున పెన్‌డ్రైవులో సిద్ధపఱచి, దానితో యంత్రమును లేపి, పత్రములను బయటి డిస్కునకు ప్రతి చేసికొనవచ్చును. ఏమియు లేవనిచో, లోపలి డిస్కును విప్పి, తగిన పెట్టెలో నమర్చి, యు.ఎస్.బి. తీగతో మఱియొక కంప్యూటరునకు తగిలింపవలయును. కొన్ని పలుచని యంత్రములలో డిస్కు పలకకే అతికియుండును; అది నిపుణులకే సాధ్యము.

ఇందు మూఁడు నిషేధములు గలవు. ఒకటి: డిస్కునుండి ‘టక్ టక్’ మను ధ్వని వచ్చిన వెంటనే విద్యుత్తు తీసివేయవలయును. అందు పళ్లెములు వేగముగా తిరుగును. చదువు ముల్లు వానిని తాఁకక పైన తేలుచుండును. తాఁకినచో గీఁచును, గీఁచినచోట వ్రాత పోవును. దానిని ఇంట విప్పరాదు. ధూళి చాలును దానిని చెఱుప. రెండు: ఆ డిస్కుపై క్రొత్తగా నేదియు వ్రాయరాదు. తుడిచిన పత్రము తఱచుగా విషయసూచికనుండి పేరు పోయినదే గాని, క్రొత్త వ్రాత పైఁబడువఱకు నుండును. పళ్లెములు లేని ఎస్.ఎస్.డి.లలో నీ యాశయు తక్కువ. అవి తుడిచినదానిని తామే త్వరలో శూన్యము చేసికొనును. మూఁడు: బిట్‌లాకరు అను తాళము వేసియున్నచో 48 అంకెల తాళపుసంఖ్య కావలయును. ఆ సంఖ్య మైక్రోసాఫ్టు ఖాతాలో నుండవచ్చును. అది లేనిదే యే పండితుఁడును తెఱవలేఁడు. కావున నేఁడే కాగితముపై వ్రాసి భద్రపఱచుఁడు.

నా శిష్యుని డిస్కు బాగుగానే యుండెను, చెడినది పలక. సాయంకాలమునకు తండ్రి చిత్తరువులన్నియు బయటికి వచ్చినవి. ఆ సంవత్సరమే యొక కొంగు మగ్గమెక్కినది.

అయినను ఉద్ధరించుటకంటె ముందు కాపాడుట మేలు. 1565 యుద్ధమున విజయనగరము కూలిన పిదప తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. నగరము పోయినను రాజ్యము పెనుకొండలో నిలిచెను, వేఱొక చోటు ఉండెను గనుక. మన తాటాకు గ్రంథములును అట్లే నిలిచినవి. పురుగు పట్టకముందే పూర్వులు క్రొత్త యాకులపై ప్రతులు వ్రాసిరి. ఈ కాలపు నిపుణులు చెప్పునదియు నదియే: ప్రతులు మూఁడు, రెండు విధముల సాధనములు, ఒకటి వేఱొక చోట. హిందూపురమున మీ యింట రెండు, పెనుకొండలో మీ కూఁతురింట నొకటి యుంచినచో చాలును.

ఆయుధపూజనాఁడు మనము నాగలికి, మగ్గమునకు పసుపుకుంకుమలు పెట్టుదుము. ఆనాఁడే “ప్రతి చేసితివా?” యని యింటి పిల్లల నడుగుట పెద్దల ధర్మము. మీ యింట నా ప్రశ్న యేటేట వినఁబడుఁగాక యని కోరుచు విరమించుచున్నాను.