పార్వతీశం టోపీ
(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల సంగతి కార్యదర్శిగారు ఇంతకుముందే చెప్పారు. ఇక నాలుగు నవ్వే మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. నేను రచయితను కాను, విమర్శకుణ్ణి అసలే కాను. ముప్పయ్యేళ్ళకు పైగా ఫైళ్ళ మీద నోట్లు రాసిన గుమాస్తాను. కనుక ఇది ఒక పాఠకుడి అభిప్రాయంగా మాత్రమే స్వీకరించండి. పుస్తకం మీకందరికీ తెలిసిందే, మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’. మొదటి భాగం 1924లో వచ్చింది. అంటే నూరేళ్ళు నిండిన పుస్తకం. 1940లో సినిమాగా కూడా తీశారు.

నేను దీన్ని మొదట చదివింది గుడివాడలో బి.ఎ. చదివే రోజుల్లో. మాది బందరు. శనివారం సాయంత్రం రైల్లో ఇళ్ళకు వచ్చేవాళ్ళం. లైబ్రరీ పుస్తకం, అట్ట ఎప్పుడో ఊడిపోయింది. నేను చదవడం, మిగతా నలుగురూ వినడం. పెడన వచ్చేసరికి పెట్టెలో ఉన్న బేరగాళ్ళు కూడా మా చుట్టూ మూగేవారు. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు కావాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరడం, కాలవలో పడవ ప్రయాణం, నిడదవోలులో రైలు, మద్రాసులో దొరగారిలా ఉండాలని టోపీ కొనుక్కుంటే అది కాస్తా ఆడవాళ్ళ టోపీ కావడం, నిలువుటద్దంలో తననే చూసుకుని ఇంకెవరో అనుకోవడం. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. మాది పల్లెటూరు కాదు, బందరు కదా! ఆ నవ్వులో కొంచెం ఆ గర్వం కూడా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

తరవాత ఉద్యోగం వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ఆ రోజుల గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడున్న చాలామంది కోడూరు, నాగాయలంక వైపు డ్యూటీలు చేసినవాళ్ళే. కొన్ని నెలల తరవాత నేను ఒక కార్యాలయంలో అర్జీలు తీసుకునే బల్ల దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం వేళ ఒక ముసలాయన వచ్చాడు. కింద గోచీపంచె, పైన ఆడవాళ్ళ ఉన్ని కోటు. మెడ చుట్టూ గులాబీ పూల కుట్టుపని. ఎండ మండిపోతోంది. ఆయన మెడదాకా బొత్తాలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. నోరు ఊరుకోలేదు. ‘‘ఏం బారిష్టరుగారూ, సీమకేనా ప్రయాణం?’’ అన్నాను. ఆఫీసంతా గొల్లుమంది. ఆయనకు విషయం తెలియదు, మాతోపాటు ఆయనా నవ్వాడు. నవ్వి, ‘‘ఆపీసుకి వట్టి వంటితో రాకూడదని బాబూ. పంచిన మూటలో ఇదే దొరికింది’’ అన్నాడు.

అర్జీ తీసి చూశాను. చనిపోయినవారి పేర్లు రాసేచోట నాలుగు పేర్లున్నాయి. నాలుగో పేరుకెదురుగా వయస్సు నెలల్లో ఉంది.

ఆ కాగితం ఆరోజే పై అధికారి బల్ల మీద పెట్టించాను. క్షమించమని మాత్రం ఆయన్ని అడగలేదు. అప్పట్లో అడగాలని తోచలేదు కూడా. ఆ తరవాత చాలా ఏళ్ళు పార్వతీశం పుస్తకం ముట్టలేదు. ఎవరైనా ఆ పేరెత్తితే మాట మార్చేవాణ్ణి.

మళ్ళీ ముట్టుకున్నది 2012లో. మా అబ్బాయి దగ్గరికి అమెరికా బయలుదేరాం. దారిలో విమానం మారేచోట చేతులు కడుక్కుందామని వెళితే కుళాయికి మర లేదు. తిప్పాను, నొక్కాను, పైన తట్టాను. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు చూసి నవ్వుకున్నారు. వాళ్ళ భాష నాకు రాదు గాని ఆ నవ్వు అర్థమయింది. చివరకు ఒక చిన్నపిల్లవాడు చెయ్యి కింద పెట్టి చూపించాడు, నీళ్ళు వచ్చాయి. బయటికి వచ్చి మా ఆవిడకు నేనే చెప్పాను. విమానం ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది. తిరిగి వచ్చాక మీ అందరికీ కూడా చెప్పాను, గుర్తుండే ఉంటుంది.

ఇంటికొచ్చి పుస్తకం తెప్పించుకుని మూడు భాగాలూ వరసగా చదివాను. అప్పుడు కనబడింది. ఆ టోపీ సంగతి మనకు చెబుతున్నది ఎవరు? పార్వతీశమే. కథంతా ‘నేను’ అనే చెబుతాడు. బారిష్టరై వచ్చినవాడు, తలుచుకుంటే ఆ టోపీని దాచేసుకోవచ్చు. తనంతట తానే తీసి మన ముందు పెట్టాడు, నవ్వుకోండి అని. ఆ కోటు సంగతి ముసలాయన చెప్పలేదు. మేం చెప్పుకున్నాం, మూడు రోజులపాటు, టీ కొట్టు దగ్గర.

రచన గురించి కూడా ఒకటి రెండు మాటలు. రెండో భాగం, మూడో భాగం చాలాకాలం తరవాత వచ్చాయి. సీమ చదువు, తిరిగి రావడం, పెళ్ళి, ప్రాక్టీసు, స్వాతంత్ర్యోద్యమం, జైలు. మొదటి భాగంలో ఉన్నంత నవ్వు వాటిలో లేదు. మొదటి భాగం చాలు అనే మిత్రులున్నారు, ఒకప్పుడు నేనూ ఆ పక్షమే. మూడో భాగంలో కొన్నిచోట్ల సాగదీత ఉంది, పేజీలు తిప్పిన మాట దాచను. కాని మొదటి భాగంలో అందరూ ఎవర్ని చూసి నవ్వారో ఆ మనిషి పెళ్ళాంతో ఎలా మాట్లాడతాడో, నలుగురిలో ఎలా నిలబడతాడో తెలియాలంటే అక్కడిదాకా వెళ్ళాలి. నాకు అతను అక్కడే ఎక్కువ నచ్చాడు. ముసలితనం వల్ల కావచ్చు.

చివరగా ఒక మనవి. మన సంఘం అలమరలో మొదటి భాగం, మూడో భాగం ఉన్నాయి. రెండోది ఏడాదిగా కనబడటం లేదు. రిజిస్టరులో సంతకం లేదు. తీసుకున్నవారు ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వచ్చే రోజున తెచ్చి పెట్టేయవలసిందిగా కోరుతున్నాను.