అరచేతిలో ఆవిరి యంత్రం



ఇంగ్లండులో చాలా మామూలు ఇళ్ళకు పెరట్లో ఒక చెక్క షెడ్డు ఉంటుంది. ఎక్కువమంది అందులో గడ్డి కోసే మిషను పెట్టుకుంటారు. కొందరు మాత్రం లేత్ పెట్టుకుంటారు. పని నుంచి వచ్చి, టీ తాగి ఆ షెడ్డులో దూరితే మళ్ళీ భోజనానికే బయటికి రావడం. అలా నెలల తరబడి కోసి, తొలిచి, ఆకురాయి పట్టి, అరచేతిలో ఇమిడే ఇంజను ఒకటి తయారుచేస్తారు. అలమరలో పెట్టుకునే బొమ్మ కాదది. ఆవిరి పెడితే తిరుగుతుంది. 1898లోనే పెర్సివల్ మార్షల్ అనే ఆయన వీళ్ళ కోసం 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక మొదలుపెట్టాడు. ఆ ఏడాదే లండన్‌లో ఈ పనివాళ్ళకు ఒక సంఘం కూడా ఏర్పడింది.

పెద్ద ఇంజను చేయడం కష్టం, చిన్నదైతే సులువు అనుకుంటాం. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఒక ఇంజను కొలతలన్నిటినీ పదోవంతుకు కుదించారనుకోండి. సిలిండరులో పట్టే ఆవిరి వెయ్యోవంతుకు పడిపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చే లోపలి గోడ మాత్రం నూరోవంతుకే తగ్గుతుంది. అంటే పిడికెడు ఆవిరికి పదింతల గోడ కాచుకుని కూర్చుంటుందన్నమాట. ఆవిరి లోపలికి వచ్చీ రాగానే నీళ్ళయిపోతుంది. అందుకే చిన్న ఇంజను మొదట్లో మొరాయిస్తుంది. చక్రాన్ని వేలితో తిప్పుతూ ఆ నీళ్ళు కక్కించాలి. సిలిండరు ఒళ్ళు వేడెక్కితే గాని దారికి రాదు. సందుల సంగతీ ఇంతే. పిస్టను పక్కన వెంట్రుకవాసి సందును రైలింజను పట్టించుకోదు. ముప్పాతిక అంగుళం సిలిండరుకు అదే పెద్ద గండి.

ఇంత చిన్న ఇంజను నిజంగా బరువు లాగగలదా అన్న విషయం మీద 1920ల్లో ఇంగ్లండులో పెద్ద రగడే జరిగింది. 'ఎల్.బి.ఎస్.సి.' అనే కలంపేరుతో ఒకరు 'మోడల్ ఇంజనీర్'లో రాసేవారు. ఆ పొడి అక్షరాలు ఆ రచయిత ఒకప్పుడు పనిచేసిన లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే కంపెనీవే. పట్టాల మధ్య రెండున్నర అంగుళాలే ఉన్న చిట్టి రైలింజనైనా సరే, బొగ్గు మంటతో ఎదిగిన మనిషిని లాగుతుందని ఎల్.బి.ఎస్.సి. వాదన. స్పిరిటు దీపంతో నడిచే నమూనాల తరఫున హెన్రీ గ్రీన్లీ అనే పేరున్న డిజైనరు నిలబడ్డాడు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. చివరికి ఎల్.బి.ఎస్.సి. తన 'ఆయేషా' ఇంజనును పట్టాలెక్కించి, వెనక మనిషిని కూర్చోబెట్టి లాగించి చూపించారు. వాదన గెలిచే పద్ధతుల్లో నాకు నచ్చినది ఇదే.

మొదటిసారి చేసేవాళ్ళు మాత్రం రైలింజను జోలికి పోకూడదు. ఊగే సిలిండరు ఇంజనుతో మొదలుపెట్టాలి. మామూలు ఆవిరి యంత్రంలో ఆవిరిని ఎప్పుడు లోపలికి పంపాలో, ఎప్పుడు బయటికి వదలాలో చూసుకోవడానికి వేరే వాల్వూ, దాన్ని ఆడించే కడ్డీలూ ఉంటాయి. ఇందులో ఆ సరంజామా ఏదీ లేదు. సిలిండరే ఒక ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది. దాని చదును ముఖానికి ఒక బెజ్జం ఉంటుంది. అది ఆనుకునే దిమ్మకు రెండు బెజ్జాలు. సిలిండరు ఒక వైపు ఒరిగినప్పుడు దాని బెజ్జం ఆవిరి వచ్చే దారికి ఎదురవుతుంది, రెండో వైపు ఒరిగినప్పుడు ఆవిరి పోయే దారికి. నడిమధ్యలో ఉన్నప్పుడు రెండు దారులూ మూసుకుపోతాయి. ఆ క్షణం గట్టెక్కించడానికే బరువైన చక్రం.

చెప్పినంత తేలిక కాదు. సిలిండరు తొలిచేటప్పుడు లోపలికి పోయే పనిముట్టు సన్నగా ఉంటుంది కాబట్టి ఒత్తిడికి కొద్దిగా వంగుతుంది, కోయాల్సిన పొరలో కొంత వదిలేస్తుంది. తెలిసిన టర్నర్లు చివర్లో కోత లోతు మార్చకుండా అదే దారిలో ఇంకో రెండుసార్లు నడుపుతారు. ఏమీ కోయడం లేదనిపిస్తుంది గానీ, సన్నటి ఇత్తడి పొడి రాలుతూనే ఉంటుంది. తర్వాత సిలిండరు ముఖమూ, దిమ్మ ముఖమూ ఆవిరి బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకోవాలి. దానికి యంత్రం అక్కర్లేదు. గాజు పలక మీద సన్న రకం ఎమరీ కాగితం పరిచి, నూనె చుక్క వేసి, ముఖాన్ని చేత్తో గుండ్రంగా రుద్దడమే. ముందుగా ముఖం మీద సిరా పూస్తే, సిరా ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం. తొందరపడి ఒక అంచు మీద బరువు వేశారో, ముఖం గుండ్రమెక్కుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

ఆవిరి యంత్రం కాదు గానీ, ఇంటి పనితనానికి ఒక ముచ్చట చెప్పాలి. 1893 క్రిస్మస్ ముందురోజు రాత్రి, డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ తాను చేసిన మొదటి పెట్రోలు ఇంజనును తీసుకెళ్ళి వంటింటి సింకుకు బిగించాడు. సిలిండరు గ్యాసు గొట్టం ముక్క. నిప్పురవ్వకు ఇంటి కరెంటే దిక్కు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా పోసే పని భార్య క్లారాకు పడింది. ఇంట్లో పసివాడు, పైగా మర్నాటి పండగ వంట. ఆ ఇంజను తిరిగిందన్న ఘనతలో ఆవిడ వాటా గురించి తక్కువే చెబుతారు.

మళ్ళీ మన ఆవిరి యంత్రానికి వస్తే, ఆవిరి పుట్టించే బాయిలరు దగ్గర మాత్రం సాహసాలు పనికిరావు. రాగి రేకుకు మామూలు తగరపు మాటు వేయకూడదు. అది రెండు వందల డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది. వెండి కలిసిన మాటు వేయాలి, దానికి ఆరు వందల డిగ్రీలకు పైగా వేడి కావాలి. పూర్తయ్యాక నడిపే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడితో పరీక్షించాలి, అదీ చన్నీళ్ళతో. నీళ్ళు ఎంత నొక్కినా పెద్దగా కుదించుకుపోవు కాబట్టి, అతుకు ఊడితే కారి ఊరుకుంటుంది. అదే ఆవిరయితే పేలుతుంది. అసలు మొదటి ఇంజనుకు బాయిలరే అక్కర్లేదు. టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసరు చాలు. కొత్తలో ఇంజను బిగుతుగా ఉంటుంది, నూనె నల్లబడుతుంది. తుడిచి, మళ్ళీ నూనె వేసి తిప్పుతూ ఉంటే వదులవుతుంది.

ఇంట్లో లేత్ లేదంటారా? సిలిండరూ చక్రమూ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ లేత్ షాపులోనైనా చేయించుకోవచ్చు, మిగతాదంతా ఆకురాయి, చేతి డ్రిల్లు పని. కాకపోతే లారీ పనుల మధ్య ఇంత చిన్న ముక్క పట్టుకెళితే "ఇది ఏ బండి పార్టు సార్?" అని అడుగుతారు. కొలతలు వేసిన బొమ్మ కాగితం మీద గీసుకుని వెళ్ళండి, పని తక్కువ ఉన్న పూట చూసి వెళ్ళండి.