ప్రపంచారోగ్యవిద్య
(ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



వేసవి సెలవులలో విద్యార్థులను విదేశములకు గొనిపోయి, అచ్చట ప్రపంచారోగ్యశాస్త్రమును బోధించు పద్ధతి నేడు పాశ్చాత్య విశ్వవిద్యాలయములందు వ్యాపించియున్నది. అమెరికా విద్యార్థులు ఇందులకై లండను నగరమునకు పోవుటయు గలదు. అమెరికాలో చదువుకొను మన తెలుగుబిడ్డలకును ఈ తరగతుల తలుపులు తెరచియే యున్నవి. నేను వైద్యుడను గాను, న్యాయవాదిని. కావున మందులను గూర్చి గాక, ఈ విద్యయందలి న్యాయాన్యాయములను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

లండనులో ఈ పాఠమునకు తగిన బడి ఒక వీధి. సోహో పేటలో పూర్వము బ్రాడ్ వీధి యనబడిన దానిని నేడు బ్రాడ్విక్ వీధి యందురు. 1854 ఆగస్టు నెలాఖరున అచ్చట కలరా చెలరేగి, పదిదినములలో ఐదువందలకు పైగా జనులను పొట్టబెట్టుకొనెను. చెడుగాలివలన కలరా పుట్టునని ఆనాటి అధికారుల సిద్ధాంతము. జాన్ స్నో యను వైద్యుడు అది నమ్మక, ఇంటింటికి పోయి, చనిపోయినవారెవరు, వారు త్రాగిన నీరెక్కడిది యని విచారించెను. మృతులలో పెక్కుమంది ఆ వీధిలోని చేతిపంపు నీరు త్రాగినవారే. ఆ వీధియందే యున్న బీరు కార్ఖానా పనివారిలో నొక్కరును చావలేదు. వారు పంపు జోలికి పోక బీరునే త్రాగుచుండిరి. దూరమున హాంప్‌స్టెడ్‌లో నున్న ఒక వితంతువు ఆ నీటి రుచి మరిగి, ప్రత్యేకముగా తెప్పించుకొని త్రాగి మరణించెను. సెప్టెంబరు 8వ తేదీని ఆ పంపు పిడిని ఊడదీసిరి.

స్నో వాదమును ఖండింపబూనిన హెన్రీ వైట్‌హెడ్ అను మతాచార్యుడు, పేటవారిని విచారింపగా విచారింపగా, తానే దానికి సాక్షి యయ్యెను. జబ్బుపడిన యొక శిశువు గుడ్డలుదికిన నీరు నూతిప్రక్కనున్న మురికిగుంటలో పడినదని కనిపెట్టినవాడు అతడే. ఆ పేటవారి నమ్మకము గలవానికే ఆ సాక్ష్యము దొరకెను. అయినను అధికారులు స్నో మాట నంగీకరింపలేదు. 1858 వేసవిలో థేమ్సునది దుర్గంధము పార్లమెంటు కిటికీలలో జొరబడిన పిమ్మటనే మహానగరపు మురుగుకాలువలకు ధనము మంజూరయ్యెను. బీదలు చచ్చినపుడు కదలని ప్రభుత్వము తన ముక్కు చెదరగానే కదలెను!

ఈ పాఠము మంచిదే. కాని పాఠము ఆ పంపువద్దనే ముగిసినయెడల, పశ్చిమము గురువు, తూర్పు రోగి యను భ్రమ విద్యార్థి మనస్సున నాటుకొనును. కలరా కథలో సగము మన దేశముననే యున్నది. కలరా క్రిమి ప్రేగులలో విషమును స్రవింపజేసి శరీరమందలి నీటిని హరించునని 1959లో నిరూపించినవాడు కలకత్తావాసియగు శంభునాథ్ దే. ఆ మహనీయునకు జీవితకాలమున రావలసిన గౌరవము రాలేదు. 1968లో ఢాకా పరిశోధనాలయమున అమెరికా యువవైద్యులును, స్థానిక సహచరులును కూడి, నోటిద్వారా ఇచ్చు ఉప్పు గ్లూకోజు నీటి గుణమును పరీక్షించిరి. 1971లో తూర్పు బెంగాలునుండి శరణార్థులు తండోపతండములుగా వచ్చినపుడు, బనగాం శిబిరమున కలరా వ్యాపించి, నరములకెక్కించు సెలైను నిలువలు తరిగిపోయెను. అప్పుడు దిలీప్ మహాలనబీస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదిగా నున్న మరణములు నూటికి నాల్గింటికి లోపుగా తగ్గెను. తల్లి చేతి గ్లాసు ఆస్పత్రి సూదికి ప్రత్యామ్నాయమయ్యెను. లండను పంపును చూపిన ఉపాధ్యాయుడు బనగాం శిబిరమును గూర్చి చెప్పకున్న అది సగము చదువే.

ఇట్టి తరగతులు లండనునకే గాక, ఆసియా ఆఫ్రికా ఖండముల పల్లెలకును పోవుచున్నవి. అచ్చట మరియొక ప్రమాదము గలదు. సదుద్దేశముగల విద్యార్థి బీదరోగిని చూచి జాలిపడి, తనకు రాని వైద్యమునకు చేయి చాచును. స్వదేశమున సూది పట్టుటకు అధికారములేని యువకునకు, విమానమెక్కినంతమాత్రమున ఆ యధికారము రాదు. రోగి బీదవాడైనను అతని యనుమతి యనుమతియే, అతని ప్రాణము ప్రాణమే. ఢాకాకు పోయిన యువవైద్యులు శిక్షణ పొందినవారు, స్థానికులతో కలిసి పనిచేసినవారు. ఒక వేసవికి పోవు విద్యార్థి చేయదగినది వైట్‌హెడ్ చేసిన పని: వినుట, అడుగుట, తన యభిప్రాయము తప్పైనచో ఒప్పుకొనుట.

సోదరులారా, కలరాను నివారించు తెలివి మనుష్యజాతికి ఎప్పుడో కలిగినది. అయినను 2017లో యుద్ధపీడితమైన యెమెన్ దేశమున కలరా సోకినట్లు అనుమానింపబడినవారి సంఖ్య పదిలక్షలకు చేరెను. కొరవడినది శాస్త్రము గాదు. మంచినీరు కొరవడినది, మురుగుకాలువ కొరవడినది, శాంతి కొరవడినది. ఇది దయాదానములతో తీరు కొరత గాదు, ఇది హక్కుల విషయము. విదేశమునకు పోవు మన బిడ్డలకు నే నొక్కటే చెప్పుదును. నేటి రోగములకు పంపు ఎచ్చట నున్నదో విచారింపుడు. దాని పిడి యెవరి చేతిలో నున్నదో అదియు విచారింపుడు. ఆ రెండవ ప్రశ్న నడుగుటకు జంకని విద్యయే ప్రపంచారోగ్యవిద్య.